ఇస్త్రీ వదిన ఒడిలో పరీక్ష

మా సందు మొదట్లో నీళ్ళ పంపుకి ఎదురుగా రేకుల పంచ ఒకటుంది. దాని కింద పొడవాటి బల్ల, బల్ల మీద మసిబారిన దుప్పటి, దుప్పటి మీద బొగ్గుల ఇస్త్రీ పెట్టె, పక్కన నీళ్ళ గిన్నె. ఆ బల్ల వెనక నిలబడి సందులో అందరి చొక్కాలనీ, వీలైతే అందరి బుద్ధులనీ కూడా చదును చేసే మనిషి మా ఇస్త్రీ వదిన. ఆవిడ నాకు చుట్టరికానికి వదిన కాదు. నేను ఈ సందుకి వచ్చిన కొత్తలో నా దుప్పటి ఒకటి కనబడలేదు. ఇస్త్రీకి వేశానని నేను, వెయ్యనే లేదని ఆవిడ, పంపు దగ్గర జుట్లు పట్టుకునేదాకా వచ్చాం. చివరికి ఆ దుప్పటి ఎవరి మంచం కింద దొరికిందో ఇక్కడ అనవసరం. అప్పటినుంచీ ఒకరినొకరం వదినా అనుకుంటున్నాం.

ఆవిడ గురించి రాయడమంటే అనుమానం గురించి రాయడమే. కొట్టుకెళ్ళి కుండ కొనాలంటే చుట్టూ వేలితో కొట్టి, చెవి ఆనించి, మూతిలోకి తొంగి చూసి, అప్పటికీ నమ్మక ఇంకో కుండ మీద కూడా కొట్టి రెండు మోతల్నీ పోల్చి చూస్తుంది. రేడియోలో వాన రాదని చెబితే గొడుగు తీస్తుంది. ఇస్త్రీ పెట్టె వేడెక్కిందో లేదో దాని ఎర్రదనం చూసి నమ్మదు. గిన్నెలో వేళ్ళు ముంచి ఒక్క చుక్క విదిలిస్తుంది. చుయ్‌మంటేనే బట్ట మీద పెడుతుంది. ఇన్నేళ్ళలో ఎవరి బట్టా మాడలేదంటే ఆ చుక్క చలవే.

ఆవిడ ఇలా తయారవడానికి కారణం ఆవిడ మొగుడు. పాపం, ఆయన అందరినీ నమ్మేవాడట. పెద్ద వీధిలో అద్దాల తలుపుల బట్టల కొట్టు ఉండేదట వాళ్ళకి, ఉతకడం, ఇస్త్రీ అన్నీ అక్కడే. ఒకరోజు పొద్దున్నే తలుపు తీద్దామని వెళితే ఆయన దగ్గరున్న తాళంచెవి పట్టలేదు. తాళం మార్చింది బయటివాడు కాదు, కొట్టులో సగం వాటా ఉన్న స్నేహితుడే. ఆయన ఆ దిగులుతోనే పోయాడు. ఈవిడ మాత్రం రేకుల పంచ కింద బల్ల వేసుకుని, "ఇకనుంచి నా కంటితో చూడాలి, నా చేత్తో తడమాలి. అప్పుడే నమ్ముతా" అని తేల్చేసింది.

ఆ కళ్ళకీ చేతులకీ అసలు పని పడింది మనవరాలు పుట్టినప్పుడు. కోడలికి ఇంకా చాలా గడువుండగానే నొప్పులొచ్చాయి. కొడుకు లారీ తోలుతాడు, ఎక్కడో దారిలో ఉన్నాడు. నేనూ వదినా ఆసుపత్రి వరండాలో కూర్చున్నాం. పుట్టిన పిల్లని తెచ్చి చూపించారు. పిల్లంటే పిల్ల కాదు, ఒక గుప్పెడు. ఆ పేరే నిలిచిపోయింది. గాజు పెట్టెలో పెట్టారు. ఊపిరి తీసుకోలేకపోతే గొట్టం వేశారు, ఒళ్ళు పచ్చబడితే నీలం లైటు కింద పడుకోబెట్టారు, రక్తానికి ఏదో విషక్రిమి సోకిందని గట్టి గట్టి ఇంజెక్షన్లు ఇచ్చారు. వదిన అద్దానికి ముక్కు ఆనించి నిలబడి, కుడి చెవి వెనక ఆవగింజంత పుట్టుమచ్చ ఉందని కనిపెట్టింది. రోజూ నర్సుని పిలిచి, "కాస్త తల తిప్పి చూపించమ్మా" అనేది. పిల్లని మార్చేస్తారని అనుమానం.

"ఆ గుప్పెడుని ఎవరు ఎత్తుకెళ్తారు వదినా?" అన్నాను.

"ఎవరూ ఎత్తుకెళ్ళరనేగా ఆయన తాళంచెవి జేబులో పెట్టుకుని తిరిగాడు," అంది.

ఇంటికి పంపేముందు పిల్ల చెవులకి ఒక చిన్న యంత్రం పెట్టి చూశారు. పాసైందన్నారు. వదిన యంత్రాన్ని నమ్ముతుందా? ఇంటికొచ్చీ రాగానే పిల్లని ఒళ్ళో పెట్టుకుని, కోడల్ని వంటింట్లో పళ్ళెం పడెయ్యమంది. పళ్ళెం ఖంగుమంది. గుప్పెడు ఉలిక్కిపడింది. "వినబడుతోంది," అని అప్పుడు ఒప్పుకుంది. ఆ తర్వాత అది రోజువారీ పని అయిపోయింది. చూడటానికి ఎవరొచ్చినా పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం, వెనకనుంచి చప్పట్లు కొట్టమనడం, పిల్ల తల తిప్పగానే, "చూశారా!" అనడం. నేనే ఎన్నిసార్లు కొట్టానో.

గుప్పెడు బాగానే ఎదిగింది. కూర్చుంది, పాకింది, బల్ల కాలు పట్టుకుని నిలబడింది. మాటలు మాత్రం రాలేదు. అమ్మా లేదు, అత్తా లేదు. ఎవరైనా అడిగితే, "వాళ్ళ నాన్నా అంతే, మూడో ఏట నోరు విప్పాడు. ఇప్పుడు ముయ్యమన్నా ముయ్యడు," అనేది వదిన.

అలాంటి రోజుల్లో వచ్చింది చెవులమ్మాయి. నీలం సంచీ, నల్ల చెప్పులు, ఎండలో నడిచి ఎర్రబడ్డ మొహం. పంపు దగ్గర నించుని, నెలలు నిండకుండా పుట్టిన పాప ఉన్న ఇల్లు ఎక్కడని అడిగింది. అంత విషయం తెలిసిన మనిషిని ఊరికే వదులుతానా? నేనే వెంటబెట్టుకుని బల్ల దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఆసుపత్రి నుంచి వచ్చానమ్మా, చెవుల విభాగం. పాపని మళ్ళీ పరీక్షకి తీసుకురమ్మని ఫోన్లు చేశాం. మీరు రాలేదు. అందుకని నేనే వచ్చాను."

వదిన చేతిలోని చొక్కా మడత ఆపలేదు. "మా పిల్ల పాసైంది."

"అయిందమ్మా. అయినా మళ్ళీ చూడాలి."

"ఏ బళ్ళో అయినా పాసైనవాణ్ణి మళ్ళీ పరీక్ష రాయమంటారా? నువ్వేం చదివావు?"

ఆ అమ్మాయి నవ్వింది. నిలబడే చెప్పింది. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, ఊపిరి గొట్టం మీద ఉన్నవాళ్ళు, ఒళ్ళు మరీ పచ్చబడ్డవాళ్ళు, గట్టి మందులు పడ్డవాళ్ళు, ఇలాంటి పిల్లలకి పుట్టినప్పుడు చెవి బాగున్నా తర్వాత మెల్లగా మందగించే భయం ఉంటుందట. అందరికీ కాదు, కొందరికి. ఆ కొందరు ఎవరో ముందే తెలియదు కాబట్టి మాటలొచ్చే వయసు దాకా మళ్ళీ మళ్ళీ చూస్తూ ఉండాలట. చెవి సరిగ్గా వినకపోతే మాట నేర్చుకునే వయసు చేతిలోంచి జారిపోతుందట.

"మందులిచ్చిందీ మీరే, గొట్టం పెట్టిందీ మీరే. ఇప్పుడు వాటివల్ల చెవులు పోతాయని చెప్పేదీ మీరేనా?" అంది వదిన. "రేపు చెవి యంత్రం కొనమనేది కూడా మీరేగా! వెళ్ళమ్మా వెళ్ళు, బొగ్గులు చల్లారుతున్నాయి."

చెవులమ్మాయి వెళ్ళిపోయింది గానీ సందు ఊరుకోలేదు. యంత్రాలమ్మే కంపెనీ మనిషని పాలవాడు తేల్చాడు. పిల్లల మీద కొత్త మందులు ప్రయోగించే బాపతని ఎదురింటి దర్జీ. మాట రాని పిల్లల లెక్క ఎక్కువ చూపిస్తే పైనుంచి మెప్పు వస్తుందని ఇంకొకరు. నా అనుమానం నాకుంది. వదిన అంతలా కసిరినా ఆ పిల్ల మొహం మాడ్చుకోకుండా నవ్విందంటే ఏదో ఉంది. లాభం లేకుండా అంత ఓపిక ఎవరికుంటుంది?

అందుకే వెనకాలే వెళ్ళాను. బస్సు ఆగేచోట బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగుతోంది. సంచీ పక్కన పెట్టింది. "కింద తడిగా ఉందమ్మా," అంటూ సంచీ ఎత్తి నా ఒళ్ళో పెట్టుకున్నాను. మూత ఎలాగూ సగం తెరిచే ఉంది. లోపల ఒక గిలక, చేతి గంట, చిన్న డప్పు, గుడ్డ కుందేలు, రంగురంగుల చెంచాలు. యంత్రాలమ్మే మనిషి సంచీలో యంత్రం ఉండాలి కదా! కుందేలెందుకు?

"ఇంకేమైనా చూడాలా పిన్నిగారూ?" అంది నవ్వుతూ.

"చూడ్డానికి కాదమ్మా, బరువెంతో చూద్దామని," అన్నాను. దొరికిపోయాక ఆగడమెందుకని ఊరూ, ఇల్లూ, పెళ్ళీ అన్నీ అడిగేశాను. అన్నిటికీ జవాబు చెప్పింది. ఒక్కటి మాత్రం తనే అడిగింది. "ఆ పాప వెనకనుంచి పిలిస్తే పలుకుతుందా?"

"పలుకుతుంది, నేనే చప్పట్లు కొట్టాను."

"అప్పుడు పాప ఎక్కడ కూర్చుంది?"

"ఎక్కడేమిటి, నాయనమ్మ ఒళ్ళో."

ఆ పిల్ల ఏదో అనబోయి ఆగింది. ఇంతలో బస్సు వచ్చింది. ఆ ఆగిన మాటేమిటో తెలియక ఆ రోజంతా నాకు తిన్నది ఒంటబట్టలేదు.

మర్నాడు పంపు దగ్గర వదిన కోడలు బిందె నిండినా కదలకుండా నించుంది. సాధారణంగా నోట్లోంచి మాట ఊడిపడని పిల్ల. 

"పిన్నిగారూ, మీరు అత్తయ్యతో అననంటే ఒక మాట చెబుతా."

"అనను," అన్నాను. అనకపోతే నేను నేనే కాదని ఆ పిల్లకీ తెలుసు. బహుశా అందుకే నాతో చెప్పిందేమో.

"నేను వంటింట్లోంచి పిలిస్తే పాప తిరగదు. పక్కన కూర్చుని పాట పాడినా నా నోటివంకే చూస్తుంది, కళ్ళు ఆర్పకుండా. నోరు మూస్తే ఇక అంతే. అత్తయ్యకి చెబితే చటుక్కున ఒళ్ళోకి తీసుకుని చప్పట్లు కొట్టిస్తుంది. పాప టక్కున తిరుగుతుంది. చూశావా, నీదంతా అనుమానం అంటుంది." బిందె అంచు మీద వేలు రాస్తూ గొంతు తగ్గించింది. "లోకాన్నంతా అనుమానించే ఆవిడే నాది అనుమానమంటే నేనేం చెయ్యను, పిన్నిగారూ? నాకే పిచ్చేమో అనిపిస్తోంది."

నేను తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళాను. కోడలి పేరెత్తలేదు. ఇస్త్రీ వదినని ఎలా కదిలించాలో నాకు తెలుసు.

"వదినా, ఆ చెవుల పిల్ల మోసగత్తే అయితే పట్టుకోవద్దూ? రానిద్దాం. నీ ఇంట్లో, నీ కళ్ళ ముందు, పక్కన నేను. ఏం గారడీ చేస్తుందో చూద్దాం."

వదిన చుక్క విదిలించింది. చుయ్. "పిల్ల నా ఒళ్ళోంచి దిగదు. ఆ షరతుకి ఒప్పుకుంటే రమ్మను."

కోడలు ఫోనులో కబురు చెబితే చెవులమ్మాయి ఒప్పుకుంది. వచ్చింది. వదిన గది మధ్యలో పీట మీద కూర్చుని గుప్పెడుని రెండు చేతులా పొదువుకుంది. కోడలు ముందు కూర్చుని గుడ్డ కుందేలు ఆడించింది. చెవులమ్మాయి వెనక్కి వెళ్ళి పక్కగా గిలక ఊపింది. గుప్పెడు తిరిగింది. చేతి గంట కొట్టింది. తిరిగింది. నోటితో సన్నగా "స్... స్..." అంది. తిరిగింది.

"ఇక నీ సంచీ సర్దుకో," అంది వదిన.

చెవులమ్మాయి సర్దుకోలేదు. "పెద్దమ్మా, ఒక్కసారి పాపని కింద కూర్చోబెట్టి..."

"ఏం? ఒళ్ళో ఉంటే నీ గారడీ సాగదా?"

"సాగదు పెద్దమ్మా," అంది ఆ పిల్ల నెమ్మదిగా. "పాప కంటే ముందు మీరు తిరుగుతున్నారు. మీకు చప్పుడు వినబడగానే మీ మోకాలు కదులుతోంది. పాప మీ ఒంటిని వింటోంది."

వదిన మొహంలో రంగు మారింది. "అంటే నా పిల్లకి నేను జవాబులు అందిస్తున్నానా? నేను మోసం చేస్తున్నానా? నేను!" అని లేచింది. జీవితమంతా మోసగాళ్ళని పట్టుకున్న మనిషిని ఆ మాట అన్నాక ఇంకేముంది? సంచీ గుమ్మం బయట పడింది, దాని వెనక కుందేలు పడింది. చెవులమ్మాయి కుందేలు దుమ్ము దులుపుకుని, "నేను ఎల్లుండి కూడా ఈ వైపే వస్తాను," అని మాత్రం చెప్పి వెళ్ళింది.

"నువ్వు చూశావుగా వదినా! చెప్పు, నేను కదిలానా?" అంది నా మీదకి తిరిగి.

నిజం చెప్పాలంటే నేను చూసింది గుప్పెడుని కాదు, చెవులమ్మాయి చేతుల్ని. గారడీ అక్కడే ఉంటుందనుకున్నాను. వదిన మోకాలి వంక ఎవరు చూస్తారు? "ఏమో వదినా," అన్నాను. ఆవిడకి నేనెప్పుడూ ఏమో అనలేదు. ఏదో ఒకటి అనేస్తాను. ఆ ఏమో ఆవిడకి గుచ్చుకుంది.

ఆ పూటంతా నేను కిటికీ దగ్గరే ఉన్నాను. వదిన ఇస్త్రీ చేస్తోంది. చేసిన చొక్కానే మళ్ళీ విప్పి చేస్తోంది. మధ్యలో లోపలికి వెళ్ళి వస్తోంది. దర్జీ వచ్చి తన కోటు అందుకుని, పంచ దాటబోయి వెనక్కి వచ్చాడు.

"ఏమ్మా, ఇదేంటి? కాలరు మీద ఈ మచ్చ ఏంటి?"

సందు సందంతా బయటికి వచ్చింది. ఇస్త్రీ వదిన బట్ట మాడ్చింది! వదిన కాలరు వంక చూసింది, పెట్టె వంక చూసింది. చుక్క విదల్చకుండా పెట్టె పెట్టిందన్నమాట. దర్జీతో గొడవ పడుతుందని అందరం ఎదురుచూశాం. "నా తప్పే. కొత్త కాలరు వేయించిస్తా," అంది. దర్జీ భయపడి, "ఫర్వాలేదులేమ్మా, ఒంట్లో బాగుందా?" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం, సందంతా కునుకు తీసే వేళ, మా తలుపు చప్పుడైంది. వదిన. "ఒకసారి రా. మాట్లాడకు," అంది. నన్ను మాట్లాడకు అనడమంటే విషయం పెద్దదన్నమాట.

వెళ్ళి చూద్దును కదా, గది మధ్యలో పెద్ద వెదురు బుట్ట. అందులో ఇస్త్రీకి వచ్చిన మెత్తటి బట్టలు పరుపులా పేర్చి, వాటి నడుమ గుప్పెడుని కూర్చోబెట్టింది. కోడలు పక్కన బిక్కుబిక్కుమంటూ నించుంది.

"నేల మీద కూర్చోబెడితే అడుగుల అదురు తెలుస్తుంది. బుట్టలో తెలియదు," అంది వదిన, తనతో తనే చెప్పుకుంటున్నట్టు. "కిటికీ మూశాను, నా నీడ పడదు. చప్పట్లు కొట్టను, గాలి తగులుతుంది. నువ్వు దానికి ఎదురుగా కూర్చుని ఈ చెంచా ఆడించు. నా వంక చూశావో, చంపేస్తా. కన్ను కూడా ఆర్పకు."

అప్పుడర్థమైంది నాకు. తాళంచెవి పట్టని రోజు నుంచీ లోకం మీద ప్రయోగించిన అనుమానమంతా ఈవిడ ఇవాళ తన మీదే ప్రయోగించుకుంటోంది.

నేను చెంచా ఆడించాను. గుప్పెడు నవ్వింది. వెనకనుంచి వదిన పిలిచింది, "గుప్పెడూ!" పిల్ల చెంచా అందుకోబోయింది. "గుప్పెడమ్మా!" ఈసారి గట్టిగా. పిల్ల నా వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. కోడలు వంటింట్లో పళ్ళెం పడేసింది. నేను రెప్ప వెయ్యలేదు. గుప్పెడు మెల్లగా, ఎటునుంచో తెలియనట్టు, అటూ ఇటూ చూసి ఊరుకుంది.

తర్వాత గుమ్మంలోంచి చుయ్‌మని వినబడింది. పెట్టెని గడప దాకా తెచ్చి పెట్టుకుందన్నమాట. చుయ్. మళ్ళీ చుయ్. పుట్టినప్పటినుంచీ ఆ పిల్ల పక్కనే రోజంతా మోగే చప్పుడది. గాలి ఉండదు, అదురుండదు, నీడుండదు. చప్పుడు తప్ప ఇంకేం లేదు.

గుప్పెడు నా వేలు కొరుకుతూ నవ్వుతోంది.

వదిన ఎంతసేపు విదిలించిందో తెలియదు. గిన్నెలో నీళ్ళు అయిపోయినట్టున్నాయి. తర్వాత వచ్చి పీట మీద కూర్చుంది. పిల్లని ఒళ్ళోకి తీసుకోలేదు.

"నాకు ముందే అనిపించింది అత్తయ్యా," అంది కోడలు.

"అనిపిస్తే నోరు విప్పొద్దూ?"

"విప్పాను. మీ ఒళ్ళో కూర్చుంటే తిరుగుతోంది కదా!"

వదిన తన మోకాళ్ళ వంక చూసుకుంది, ఎవరో తెలియనివాళ్ళు తన ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టు. కోడలి చెయ్యి పట్టుకుని, "ఎల్లుండన్నది ఆ పిల్ల. అంటే రేపేగా?" అంది.

ఆ పిల్ల వచ్చేదాకా కూడా ఆగలేదు. మర్నాడు పొద్దున్నే గుప్పెడుని తీసుకుని ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. వదిన అనుమానం పోయిందనుకోకండి. వరండాలో చెవులమ్మాయి ఎదురుపడి, "వచ్చారా!" అనగానే, "వచ్చాం గానీ, నీ యంత్రం మాట నిజమని ఏంటి నమ్మకం?" అంది. పిల్ల నిద్రపోతుంటే నుదుటి మీదా, చెవుల వెనకా చిన్న బిళ్ళలు అంటించి, చెవుల్లో మెత్తటి గొట్టాలు పెట్టి, చప్పుడు పంపితే లోపలి నరం పలుకుతోందా లేదా చూస్తారట. పిల్ల తల తిప్పనక్కర్లేదు, ఒడి సాయం అక్కర్లేదు.

"ముందు నాకు పెట్టు," అంది వదిన.

"మీకెందుకు పెద్దమ్మా?"

"నాకు వినబడుతుందని నాకు తెలుసు. నాకు వినబడదని చెప్పిందనుకో, నీ యంత్రం అబద్ధాలాడుతున్నట్టే."

లోపలున్న పెద్ద డాక్టరమ్మ నవ్వి, సరే కానివ్వండంది. వదిన మంచం మీద బిళ్ళలతో పడుకుంది. కదలొద్దు, మాట్లాడొద్దు అన్నారు. ఆవిడ ఆ రెండూ చేసిన దృశ్యం చూడటానికి సందంతా రావలసింది. తెర మీద గీతలు లేచాయి. "వినబడుతోంది పెద్దమ్మా. కుడి చెవి మాత్రం కాస్త..."

"నా కుడి చెవి సంగతి నిన్నడగలేదు," అని లేచి కూర్చుంది. "పిల్లకి పెట్టు."

పిల్లకి పెట్టారు. గీతలు వదినకి లేచినట్టు లేవలేదు. పెద్ద చప్పుళ్ళకి లేచాయి, మాటలంత చప్పుళ్ళకి పడుకున్నాయి. రెండు చెవులదీ అదే వరస. డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. పూర్తిగా పోలేదు, లారీ హారను, తలుపు చప్పుడు లాంటివి కొంత తెలుస్తాయి. మనిషి మాట అందదు. వెంటనే చెవి యంత్రాలు పెట్టాలి, మాట నేర్పించే చోటికి తీసుకెళ్ళాలి, మధ్యమధ్యలో చెవి ఇంకా తగ్గుతోందేమో చూస్తూ ఉండాలి.

కోడలు ఏడవలేదు. తన పిచ్చి కాదని తెలిసినందుకో ఏమో, గట్టిగా ఊపిరి వదిలింది. వదినే అడిగింది. "నా ఒడివల్ల ఆలస్యమైందా?"

చెవులమ్మాయి పక్కన కూర్చుంది. "కొంచెం అయింది పెద్దమ్మా. మించిపోలేదు. ఇంకో ఏడాది అలాగే ఒళ్ళో చూసుకుంటూ ఉంటే అప్పుడు కష్టమయ్యేది." ఊరికే ఓదార్చలేదు, ఉన్నదే చెప్పింది. వదినకి అదే నచ్చినట్టుంది. ఆ పిల్ల ఇళ్ళు తిరగడానికి బయల్దేరితే సంచీ తనే మోసుకెళ్ళి బస్సు దాకా దిగబెట్టింది. దారిలో నాకు వినబడకుండా ఏదో అడిగింది. ఏమడిగావని ఎన్నిసార్లు పీక్కుతిన్నా ఇప్పటికీ చెప్పదు.

యంత్రాలు వచ్చిన రోజున కూడా పేచీయే. చెవి వెనక చిక్కుడు గింజంత యంత్రం కూర్చోగానే, "పుట్టుమచ్చ కప్పబడిపోతోంది! రేపు మా పిల్లేనని ఎలా గుర్తుపట్టాలి?" అంది. చెవులమ్మాయి నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది. గుప్పెడు మొదట యంత్రం పీకి పారేసింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత ఏడుపు మధ్యలో ఆగిపోయింది. తన ఏడుపు తనకి వినబడిందేమో! మళ్ళీ ఏడ్చి చూసుకుంది. నాయనమ్మ మనవరాలే మరి.

ఇంటికొచ్చాక వదిన ఎవర్నీ చప్పట్లు కొట్టనివ్వలేదు. బుట్ట తెచ్చింది, బట్టలు పేర్చింది, కిటికీ మూసింది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి చెంచా ఇచ్చింది. కోడలు గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నించుంది. వదిన గడప దగ్గర పెట్టె పెట్టుకుని గిన్నెలో వేళ్ళు ముంచింది. ఆవిడ నా వెనక లేదు గానీ ఆవిడ ఊపిరి నా వీపుకి తగులుతున్నట్టే ఉంది.

చుయ్.

గుప్పెడు చేతిలోని చెంచా గాలిలో ఆగింది. కళ్ళు పెద్దవయ్యాయి. మెల్లగా, చాలా మెల్లగా, మెడ గుమ్మం వైపు తిరిగింది.

కోడలు రెండు చేతులతో నోరు మూసుకుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వదిన మాత్రం కదల్లేదు. గిన్నె మీద చెయ్యి అలాగే ఉంది.

"వదినా," అంది నా వంక అనుమానంగా చూస్తూ, "నువ్వు కన్నార్పావా?"

"లేదు వదినా."

"నా వంక చూశావా?"

"ఒట్టు. చూడలేదు."

"నీ ఒట్టు నాకెందుకు? ఆ చెంచా కోడలికిచ్చి నువ్వు బయటికి నడువు," అని మళ్ళీ నీళ్ళలో వేళ్ళు ముంచింది.

నేను పంచలోకి వచ్చి నించున్నాను. లోపల చుయ్‌మంది. వెంటనే కోడలి నవ్వు వినబడింది. మళ్ళీ చుయ్. మళ్ళీ నవ్వు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని మా ఇంట్లోంచి ఎవరో అరుస్తున్నా, ఆ చప్పుడు ఆగేదాకా నేను అక్కణ్ణుంచి కదల్లేదు.